పట్టు యూనివర్సిటీకి రాయని జవాబు కార్డులు

"అమ్మా, నువ్వు మిస్సింగ్ అంట," అంది మా అమ్మాయి.

జూలై నెల, ఆదివారం పొద్దున్న. ఫ్రీమాంట్‌లో మా వంటగదిలో నిలబడి దోసెలు పోస్తున్నాను. ఎదురుగా నిక్షేపంగా నిలబడ్డ మనిషిని పట్టుకుని మిస్సింగ్ అంటుందేమిటని వెనక్కి తిరిగాను. దానికి పదమూడేళ్ళు. వేసవి క్లాసు కోసం హిస్టరీ ప్రాజెక్టు చేస్తోంది. ఇంట్లో ఎవరో ఒకరు చదివిన కాలేజీ ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో రాయాలట. వాళ్ళ నాన్న కాలేజీకి ఒక పేజీకి సరిపడా చరిత్ర కూడా లేదని తేల్చి, నాది తీసుకుంది.

నాది జపాన్‌లో, కొండల మధ్య ఒక ఊళ్ళో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీ. దాని వెబ్‌సైట్లోంచి ఏదో రిపోర్టు టాబ్లెట్‌లోకి దింపుకుని ఫోన్ చేత అనువాదం చేయించి చదువుతోంది.

"సిల్క్‌వర్మ్ ల్యాబ్, ఫారిన్ డాక్టరేట్ వన్ పర్సన్, వేర్‌అబౌట్స్ అన్‌నోన్ అని ఉంది. అది నువ్వే కదా?"

నేనే. ఆ ల్యాబ్‌లో డాక్టరేట్ తీసుకున్న పరాయి దేశపు మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. స్టవ్ కట్టేసి, టాబ్లెట్ లాక్కుని జపనీస్‌లో చదివాను. ఫోన్ తప్పు చెప్పలేదు. పట్టా తీసుకున్నవాళ్ళు ఇప్పుడెక్కడ ఏం చేస్తున్నారో చూపించే పట్టిక అది. నా వరుసలో 'ఆచూకీ తెలియదు' అని ఉంది. దాని కింద ఒక పేరా. పట్టుపురుగుల ల్యాబ్‌లో నేర్చుకున్నది బయటి ప్రపంచంలో ఉపయోగపడుతున్నట్టు తగిన ఆధారాలు దొరకలేదు కాబట్టి ఆ ల్యాబ్‌ని పెద్ద ఫ్యాకల్టీలో కలిపేస్తున్నాం, పురుగుల్ని పెంచే గదులు మూసేస్తున్నాం, ఉపయోగం రుజువైన రకాలను మాత్రం వేరే కేంద్రానికి పంపుతాం, మిగతావాటిని ఇక పెంచం అని.

చివర్లో, పంపే రకాల జాబితా ఉంది. నేను పెంచిన రకం కోసం రెండుసార్లు వేలు పెట్టి వెతికాను. లేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆచూకీ తెలియదా? పదకొండేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంటున్నాను. ఏటా వేసవిలో ఆ యూనివర్సిటీ ముద్ర ఉన్న కవరు ఈ ఇంటికే, ఈ డబ్బాలోకే వస్తుంది. ఇంటి నంబరు తప్పకుండా, జిప్ కోడ్ తప్పకుండా ఉత్తరం పంపేవాళ్ళకి మనిషి ఆచూకీ తెలియదా! నేను శాంటా క్లారాలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఆపరేషన్లలో కుట్లకి, గాయాల మీద వేసే పొరలకి పట్టులోని మాంసకృత్తులతో సరుకు తయారుచేస్తాం. ఆ పనంతా ఆ ల్యాబ్‌లో, ఆ పురుగుల దగ్గర నేర్చుకున్నదే. ఉపయోగం లేదట!

"అమ్మా, దోసె," అంది మా అమ్మాయి. పెనం మీద దోసె ఎండి చివర్లు పైకి లేచాయి. దాన్ని తీసి అవతల పడేసి, కుర్చీ లాక్కుని మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. "రాసుకో, నేను చెప్తాను. ఆ వెబ్‌సైట్లో ఉన్నది కాదు, నేను చెప్పింది రాసుకో," అన్నాను. ఆ పూట దానికి చెప్పిందే ఇక్కడా చెప్తాను, ఎందుకంటే ఆ చరిత్ర సరిగ్గా తెలియకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

ఆ యూనివర్సిటీ పట్టుపురుగుల బడిగా మొదలైంది. ఆ లోయలో వరి అంతంతమాత్రం. ఇంటింటా పట్టుపురుగులే. ఆ పట్టు అమెరికా ఆడవాళ్ళ మేజోళ్ళకి ఓడల్లో వెళ్ళేది. పురుగులకి జబ్బులొచ్చి ఇళ్ళకిళ్ళు మునిగిపోతుంటే, ఊరివాళ్ళే పోగై మాకు బడి కావాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. స్థలం వాళ్ళే ఇచ్చారు, కలప వాళ్ళే మోశారు. ఏ రాజుగారో దయతలచి కట్టించింది కాదు. మల్బరీ కొమ్మలు కోసిన చేతులతో కట్టుకున్న బడి.

ఇదంతా నాకు చెప్పింది మా మాస్టారు. ఆ ల్యాబ్ ప్రొఫెసర్. నేను చేరిన మొదటి రోజునే, ఏప్రిల్ చలిలో, కోటు గుండీలు పెట్టుకోకుండా నన్ను ఆవరణంతా తిప్పారు. పాత చెక్క హాలు చూపించి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ పిల్లలకి పాఠాలు మాన్పించి పారాచూట్ గుడ్డ నేయించారని చెప్పారు. ఎవరి యుద్ధానికో పురుగుల్నీ పిల్లల్నీ వాడుకున్నారన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు గట్టిపడింది. నెమ్మదస్తుడైన మనిషి కోప్పడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

యుద్ధం ఓడిపోయాక అక్కడ కూర్చుని పాలించింది అమెరికా వాళ్ళు. చదువు పెద్ద ఊళ్ళవాళ్ళ సొత్తు కాకూడదని, ప్రతి ప్రిఫెక్చర్‌కీ ఒక జాతీయ యూనివర్సిటీ ఉండాలన్నారు. ప్రిఫెక్చర్ అంటే మన జిల్లాకంటే పెద్దది, రాష్ట్రం కంటే చిన్నది. ఒక్క ఆజ్ఞతో పట్టు బడి, పంతుళ్ళ బడి, వ్యవసాయ బడి, వైద్య కళాశాల, ఇంకోటేదో, అన్నీ ఒకే యూనివర్సిటీ అయిపోయాయి. బళ్ళు మాత్రం ఎక్కడివక్కడే, నాలుగు ఊళ్ళలో, మధ్యలో కొండలు. కాళ్ళు నలుదిక్కులా చాచిన ఆక్టోపస్ అని దాన్ని వెక్కిరించారు. ఇలాంటి యూనివర్సిటీలన్నిటినీ కలిపి, రైలు ఆగి భోజనం డబ్బాలు అమ్మే స్టేషన్లన్నిటా ఒకటి వెలిసిందని టోక్యోవాళ్ళు నవ్వుకునేవారట. నవ్వినవాళ్ళ పిల్లలకి వైద్యం చేసిందీ, వాళ్ళ పల్లెల్లో పాఠాలు చెప్పిందీ ఆ భోజనం డబ్బాల యూనివర్సిటీలవాళ్ళే.

తర్వాత పట్టు పోయింది. నైలాన్ వచ్చింది. విభాగం పేరు మారింది. మళ్ళీ మారింది. నేను వెళ్ళేసరికి మూడో పేరుతో ఉంది, అందులో పట్టు అన్న మాటే లేదు. నేను చేరడానికి కొన్నేళ్ళ ముందు ప్రభుత్వం దేశంలోని జాతీయ యూనివర్సిటీలన్నిటినీ కార్పొరేషన్లుగా మార్చి, ఇక మీ కాళ్ళ మీద మీరు నిలబడండి అని చేతులు దులుపుకుంది. ఏటా ఇచ్చే నిధి ఏటా కాస్త తగ్గేది. రిటైరైన వాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉండిపోయేవి. మా నడవాలో ఒక ట్యూబ్‌లైటు విడిచి ఒకటి పీకేశారు. మా మాస్టారు పాత పరీక్ష పేపర్ల వెనకవైపు నాకు లెక్కలు వేసి చూపించేవారు.

ఇలా ఎండబెట్టి ఎండబెట్టి, ఇప్పుడు ఉపయోగం కనపడటం లేదంటున్నారు.

నేను హిందూపురం పిల్లని. మా ముందు గదిలో పట్టుపురుగుల తట్టలుండేవి. గూళ్ళు కట్టించే వెదురు చంద్రికల చుట్టూ దాగుడుమూతలాడుకుంటూ పెరిగాను. కాబట్టి ఆ ల్యాబ్‌లో అడుగుపెట్టినప్పుడు నాకు నేర్పేదేముందిలే అనుకున్నాను. నేర్పారు. అక్కడ పెంచడం అమ్మడానికి కాదు, కాపాడటానికి. ఆ బడి పుట్టినప్పటినుంచీ పోగుచేసిన రకాలు వరసగా ఉండేవి. కొన్ని జపాన్‌లో ఏ ఇంట్లోనూ ఇప్పుడు లేవు. గుడ్లను చలిగదిలో శీతాకాలమంతా ఉంచి, మల్బరీ చిగురించగానే పొదిగించి, పెంచి, గూళ్ళు కట్టించి, సీతాకోకల చేత మళ్ళీ గుడ్లు పెట్టించాలి. ఏటా ఇదే. ఒక్క ఏడు మానేస్తే గుడ్లు చచ్చిపోతాయి. బడి పుట్టిన నాటినుంచీ వస్తున్న వరస ఆగిపోతుంది. దాచిపెట్టుకోవడానికి అవేం విత్తనాలు కావు.

అక్కడి పద్ధతి ఏమిటంటే, వచ్చిన ప్రతి విద్యార్థికీ ఒక రకం అప్పగిస్తారు. ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ ఆ రకం ఆ మనిషిదే. ఒక పెద్ద పుస్తకంలో, ఏ ఏడు ఏ రకాన్ని ఎవరు పెంచారో పేరు రాస్తారు. పేరు లేకుండా ఏ రకాన్నీ పెంచకూడదు. పెంపకం ముగిశాక ఎన్ని పురుగులు గూళ్ళు కట్టాయో ఒక చీటీ మూలన పెన్సిల్‌తో అంకె వేసి మాస్టారికి ఇవ్వాలి. పెన్సిలే, ఎందుకంటే ఆ గదుల తేమకి సిరా పాకిపోతుంది. మొదటి ఏడు నా పురుగులు సగం జబ్బుచేసి పోయాయి. సిగ్గుపడి, అంకె వేయకుండా చీటీ ఇచ్చాను. మాస్టారు వెనక్కి ఇచ్చేశారు.

"ఒక్కటీ మిగలకపోతే సున్నా రాయండి. అది తప్పు కాదు," అన్నారు. "ఖాళీగా మాత్రం వదలకండి. ఖాళీ అంటే ఎవరూ పెంచలేదని అర్థం."

నాకిచ్చిన రకం చిన్నది, లేత పసుపు గూడు. దారం తక్కువ వస్తుంది, కానీ చాలా సన్నం. వ్యాపారానికి పనికిరాదని అందరూ వదిలేసింది. ఆరేళ్ళు దాన్ని పెంచాను. పురుగులు పొర విడిచేటప్పుడు మా ఇంట్లో సున్నం పొడి చల్లేవాళ్ళమని చెబితే మాస్టారు నోటుబుక్కు తీసి రాసుకున్నారు. ఏటా శరదృతువులో, చచ్చిపోయిన పురుగుల కోసం పెట్టిన రాయి ముందు అందరం వరసగా నిలబడి తల వంచేవాళ్ళం. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

నా పక్క బల్ల దగ్గర నాకంటే రెండేళ్ళు ముందు చేరినామె ఉండేది. ముందు చేరినవాళ్ళని అక్కడ ప్రత్యేకంగా గౌరవించి పిలుస్తారు. నేను పైకి అలాగే పిలిచినా, మనసులో ఆమెని అక్క అనే అనుకునేదాన్ని. నాకు ఆకు తరగడం నేర్పడం, అద్దె ఇల్లు వెతకడం, జ్వరమొస్తే గంజి కాయడం అన్నీ ఆమే. మాస్టారు రిటైరయ్యాక ఆ ల్యాబ్ ఆమె చేతికి వచ్చింది.

ఇంత పెద్ద చరిత్ర ఉన్న యూనివర్సిటీ గురించి ఇక్కడికొచ్చాక నాకు జరిగిన మర్యాద చెప్తాను. ఫ్రీమాంట్ వచ్చిన కొత్తలో, తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన, ఎప్పుడో వచ్చి స్థిరపడి రిటైరైన ఇంజనీరు, అందరికీ అంకుల్, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"జపాన్‌లో పీహెచ్‌డీయా? వెరీ గుడ్ అమ్మా. టోక్యోనా?"

"కాదంకుల్," అని యూనివర్సిటీ పేరు చెప్పాను.

"ఎప్పుడూ విన్లేదే! ర్యాంకింగ్ ఎంత?" అని ఫోన్ తీసి అక్కడే వెతికారు. కళ్ళజోడు పైకి తోసుకుని కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయారు. "ఆ, ఆ. అంటే మన జిల్లా కాలేజీ లాంటిదన్నమాట. పర్లేదులే అమ్మా, ఎక్కడ చదివితే ఏముంది, జాబ్ ముఖ్యం. సబ్జెక్ట్ ఏంటన్నావ్? పట్టుపురుగులా? దానికి జపాన్ దాకా వెళ్ళాలా, మన ధర్మవరంలో నేర్పరూ!"

అందరూ నవ్వారు. ఇదే మనిషి తన కొడుకు కాలేజీ పేరుని కారు వెనక అద్దం మీద అంటించుకుని తిరుగుతాడు. మనవాళ్ళకి చదువంటే బోర్డు. బోర్డు మీద తెలిసిన పేరుంటే లోపల ఏం నేర్పుతారో అక్కర్లేదు.

మనవాళ్ళే అనుకుంటే, మొదటి కంపెనీలో గ్రీన్‌కార్డు కాగితాల కోసం హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి అదే అడిగింది. మా లాయర్‌కి ఈ యూనివర్సిటీ పేరు తెలియడం లేదు, ఇది నిజమైన యూనివర్సిటీయేనా, పట్టుపురుగుల ట్రైనింగ్ స్కూల్ అని వస్తోంది, దయచేసి వివరించండి అని. ఆ యూనివర్సిటీని అలా కలిపి నిలబెట్టిందే మీ దేశంవాళ్ళు తల్లీ, మీ తాతలెవరినైనా అడుగు అని నాలుక చివరిదాకా వచ్చింది. వీసా మనుషులం, నోరు మూసుకుని ఆరు పేజీల చరిత్ర ఇంగ్లీషులో రాసి పంపించాను.

ఇవి ఒకవైపు. యూనివర్సిటీ ఆఫీసు తెలివితేటలు ఇంకోవైపు. ఏటా వేసవిలో వచ్చే ఆ కవరులో ఒక జవాబు కార్డు ఉండేది. పూర్వం మన పోస్టాఫీసుల్లో దొరికే రిప్లై కార్డు లాంటిదే. మీరిప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఇక్కడ నేర్చుకున్నది వాడుతున్నారా, రాసి పోస్టు చేయండి. దానిమీద జపాన్ స్టాంపు ముద్రించి ఉంటుంది. జపాన్ స్టాంపుతో అమెరికాలో ఏ డబ్బాలో వేస్తే వెళ్తుంది! మొదటి ఏడు అది చూసి పగలబడి నవ్వాను. రెండో ఏడు విసుక్కున్నాను. ఆ తర్వాత ఆ ఆఫీసులో కూర్చున్న గుమాస్తా ఎవడో, ఒక్కసారి కూడా బుర్ర వాడడే అని ఏటా తిట్టుకుంటూ, కవరు చించి, కార్డు తీసి, వంటగది సొరుగులో పడేసేదాన్ని. కార్డు మూలన పెన్సిల్‌తో ఒక అంకె ఉండేది. గుమాస్తా వరస నంబరు కాబోలనుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం, జపాన్‌లో సోమవారం పొద్దున్న ఆఫీసు తెరిచే వేళకి, ల్యాబ్‌కి వీడియో కాల్ చేశాను. ఇంకా సమయం ఉందనుకున్నాను. నా కాగితాలు, కంపెనీ ఉత్తరం, ఏది కావాలంటే అది పంపి, నా రకాన్ని ఆ జాబితాలో చేర్పించాలని గట్టిగా అనుకున్నాను. అక్క కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. వెనక అరలన్నీ ఖాళీ.

కుశలప్రశ్నలు కూడా అడగలేదు. గడగడా కడిగేశాను. కమిటీని, ప్రభుత్వాన్ని, ఆచూకీ తెలియదని రాసినవాళ్ళని. ఆమె ఎక్కడా మాటకి అడ్డం రాకుండా తల ఊపుతూ విన్నది.

"మీ కోపం సబబే," అంది చివరికి. "ఈ రకం దారం ఎక్కడైనా వాడుకలో ఉందా అని కమిటీ అడిగింది. మీ పేపర్లు చూపించాను. పాతవి అన్నారు. ఆమె ఇప్పుడేం చేస్తున్నారు అన్నారు. మీ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి మీ ఫోటో చూపించాను."

"మరి? సరిపోలేదా?"



"అందులో మన యూనివర్సిటీ పేరు లేదు. టోక్యోలో శిక్షణ పొందారని ఉంది. ఈమె వేరే మనిషేమో అన్నారు."

ఉంది. అలాగే ఉంది. అంకుల్ ఫోన్ తీసి ర్యాంకింగ్ వెతికిన తర్వాత, ఇంకో వ్రతానికి వెళ్ళినప్పుడు ఎవరో అడిగితే టోక్యో దగ్గర అన్నాను. రైల్లో మూడు గంటలు ప్రయాణం, దగ్గరేమిటి నా మొహం. ఆ తర్వాత దగ్గర అన్న మాట కూడా రాలిపోయింది. కంపెనీ పేజీ రాసే అతను టోక్యో అని రాసి, చూడమని నాకు పంపాడు. బాగుంది అని ఒక్క ముక్క జవాబిచ్చాను. జిల్లా కాలేజీ అన్నందుకు అంకుల్‌ని ఇన్నేళ్ళు తిట్టుకున్నదాన్ని, ఆయన పాపం ఆ పేరుని ఫోన్‌లో వెతికైనా చూశారు. నేను చెప్పడమే మానేశాను.

"అది నేనే అని మీరు చెప్పచ్చు కదా," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"చెప్పాను. మీరు స్వయంగా రాసినది కావాలన్నారు. ఒక్క జవాబు కార్డు ఉన్నా చాలన్నారు."

అదిగో, అక్కడ దొరికింది నాకు మళ్ళీ పట్టు. "ఆ కార్డా! జపాన్ స్టాంపున్న కార్డు అమెరికాకి పంపితే ఎవరైనా ఎలా జవాబు రాస్తారు? మీ ఆఫీసులో ఆ గుమాస్తా ఎవరు? పదకొండేళ్ళుగా ఒక్కసారి ఆలోచించరా?"

ఆమె ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి నిలబడింది. అక్కడ తప్పు ఒప్పుకునేటప్పుడు కూర్చుని ఒప్పుకోరు.

"ఆఫీసు వాళ్ళు విదేశాలకి పంపరు. దేశంలో ఉన్నవాళ్ళకే. నేనే ప్రతి ఏడూ ఒక కార్డు అడిగి తీసుకుని, కవర్లో పెట్టి మీకు పంపేదాన్ని. స్టాంపు సంగతి నాకు తట్టనే లేదు. చాలా పెద్ద తప్పు చేశాను. క్షమించండి," అని తల వంచింది. ఫోన్ తెరమీద ఆమె నెరిసిన జుట్టు మాత్రమే కనిపించింది.

నేను ఆమెని లేవండి, కూర్చోండి అంటున్నాను. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. నేను వచ్చేశాక ఆ రకం తీసుకోవడానికి కొత్త విద్యార్థులెవరూ రాలేదట. పేరు లేకుండా పెంచకూడదు కదా, అందుకని పుస్తకంలో ప్రతి ఏడూ నా పేరే రాసిందట. రాసి, తన రకాలతోపాటు నా పురుగుల్ని కూడా తనే పెంచిందట. గుమాస్తాల పుస్తకంలో నేను ఆచూకీ లేని మనిషిని, ఆమె పుస్తకంలో నిరుటి దాకా వసంతం వసంతం ఆకు తరిగి వేసిన మనిషిని.

"గూళ్ళు ఎన్ని కట్టాయో మీకు తెలియాలని, కార్డు మూలన రాసి పంపేదాన్ని కదా," అంది.

"ఏ మూలన?" అన్నాను. అడుగుతూండగానే తెలిసిపోయింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. అడగడానికి భయమేసినా అడిగాను. మార్చి చివర్లో పెంచే గదులకి తాళం వేశారట. జాబితాలో లేని రకాల గుడ్లని మే నెలలో పొదిగించనివ్వలేదట. ఇంటికి తీసుకెళ్ళి పెంచుకుంటానని రాతపూర్వకంగా అడిగిందట, యూనివర్సిటీ ఆస్తి బయటికి వెళ్ళకూడదన్నారట. ఏ విలువా లేదని వాళ్ళే తేల్చి, మళ్ళీ వాళ్ళే ఆస్తి అన్నారు! ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. నా తప్పు నాదే, కానీ ఆ నియమం రాసిన చేతులు మాత్రం నావి కావు.

కాల్ అయ్యాక సొరుగు బయటికి లాగాను. రబ్బర్‌బ్యాండ్లు, టేక్‌అవుట్ మెనూలు, పాత బ్యాటరీలు. వాటి కింద కార్డులు. అన్నీ తీసి బల్ల మీద ఏడాది వరసలో పేర్చాను. మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

మొదటి కార్డు మూలన రెండువందల పద్నాలుగు. తర్వాతది నూటతొంభై. ఒక ఏడు ముప్ఫై ఒకటి. ఆ ఏడు జబ్బు తగిలి ఉంటుంది. ముప్ఫై ఒక్క గూళ్ళ నుంచి మళ్ళీ ఒక రకాన్ని నిలబెట్టాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తర్వాతి ఏడు డెబ్భై, ఆ పైది నూటఅరవై రెండు. అంకె పక్కన చిన్న గీత. మా ల్యాబ్‌లో, ఇప్పుడు ఫర్వాలేదు అని చెప్పడానికి అలా గీత గీసేవాళ్ళం. ఆరేళ్ళు అదే ల్యాబ్‌లో చీటీల మూలన అంకెలు రాసినదాన్ని నేను. ఏటా నా చేతుల్లోకి వచ్చిన అదే పెన్సిల్ అంకెని గుమాస్తా నంబరనుకున్నాను.

"వై డిడిన్ట్ యూ జస్ట్ పుట్ ఎ స్టాంప్, అమ్మా? మన దగ్గర స్టాంప్స్ ఉంటాయి కదా," అంది మా అమ్మాయి.

ఉంటాయి. అదే సొరుగులో, ఆ కార్డుల మీదే, జెండా బొమ్మ స్టాంపుల చుట్ట ఉంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే కంపెనీ పేజీలో నా గురించి రాసింది మార్చమన్నాను. యూనివర్సిటీ పూర్తి పేరు, ఊరి పేరు, పట్టుపురుగుల ల్యాబ్ అని రాసిచ్చాను. "ఇది ఎవరికీ తెలియదు కదా, టోక్యో అయితే ఇన్వెస్టర్లకి బాగుంటుంది," అన్నాడు పేజీ చూసే అతను. ముందు మార్చు, తెలియనివాళ్ళకి నేను చెప్పుకుంటాను అన్నాను. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాల పని ఇన్నేళ్ళూ చేయలేదు.

ఇంటికొచ్చేసరికి, రెండు వారాలుగా ఎవరూ ముట్టని పాత పోస్టు కట్టని మా అమ్మాయి విడదీసి పెట్టింది. గ్రాసరీ కూపన్ల మధ్యలో ఈ ఏడు కవరు. ఇన్నాళ్ళూ పైనున్న అడ్రసు చేతిరాతని ఒక్కసారి కూడా చూడలేదు. ఫ్రీమాంట్ అన్న మాటని ఒక్కో అక్షరం గీత మీద నిలబెట్టి, తప్పు పోకూడదని రాసిన రాత. గదులకి తాళం పడ్డాక కూడా పంపింది.

కవరు జాగ్రత్తగా చించి కార్డు తీశాను. మూల ఖాళీగా ఉంది.

పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎక్కడ పనిచేస్తున్నారు అన్నచోట శాంటా క్లారా, కంపెనీ పేరు రాశాను. ఇక్కడ నేర్చుకున్నది వాడుతున్నారా అన్నచోట, ప్రతిరోజూ అని రాశాను. దాని కింద, కార్డు అడగకపోయినా, యూనివర్సిటీ పేరు మొత్తం, పొట్టిచేయకుండా రాశాను. ముద్రించి ఉన్న జపాన్ స్టాంపు పక్కన అమెరికా స్టాంపులు అంటించాను. ఇది చేరి ఉపయోగం లేదని నాకు తెలుసు. అక్క దాన్ని తీసుకెళ్ళి ఆఫీసులో ఇస్తుందని కూడా తెలుసు.

ఆమె అంకె వేసే మూల మాత్రం ఖాళీగానే వదిలాను.